గురువారం, రెండు గంటలు

బస్తీ దవాఖాన రిజిస్టర్ల
ఆయన పేరున్నది: మద్దెల అంజిలయ్య, నలభై ఆరు,
పెయింటరు, మూడో అంతస్తు, నడుము.
పక్క గడిల 'చూసుకునేటోళ్లు' అని ఉంటే
సిస్టరు 'భార్య' అని రాసి గీత గీసింది.
నా పేరు అడగలె. నేనూ చెప్పలె.
ఆ పూట నాకూ యాదికి లేకుండె.

రెండు గంటలకొకసారి ఒత్తిగిలిపెట్టాలె,
లేకుంటే తుంటి మీద మచ్చ ఎర్రగైతది,
ఎరుపు నల్లగైతది, నలుపు గుంటయితది అని
ఆశ బాలమణి నా అరచేతిని
గోడకు ఒత్తిపట్టి చూపెట్టింది.
అప్పటిసంది నా నిద్ర
రెండు గంటల ముక్కలు.
ఫోన్ల అలారం కొట్టకముందే లేస్త.
నల్లా వచ్చే రాత్రయితే ఆ ముక్కా లేదు.

బాలమణి వచ్చినప్పుడల్లా
సంచి చూస్తది, పైపు చూస్తది,
వీపు మీద టార్చి కొడతది.
మొన్న టార్చి నా మొఖం దిక్కు తిప్పింది.
"నువ్వెప్పుడు కూసున్నవక్కా, ఆఖరుకు?"
కూసునే ఉన్న గదా అన్న
ఉల్లిగడ్డ కోసుకుంట.

మరునాడు నఫీస్ ఆపాను ఎంటబెట్టుకొచ్చింది.
ఎదురింటి ఆపానే. పదేండ్లసంది
సలాం, పెరుగు తోడు, ఒకసారి గ్యాసు బండ. అంతవరకే.
"గురువారం గురువారం రెండు గంటలు నేను కూసుంట.
గాజులకు రాళ్లు ఆడ అతికిస్తే ఏంది, ఈడ అతికిస్తే ఏంది."
ఒత్తిగిలిపెట్టుడు? అన్న మెల్లగ.
"సాదిఖ్ ఉన్నడు గదా. పంచరు షాపుల
లారీ టైర్లు లేపుతడు, మనిషిని లేపడా?"
మంచం మీదికెళ్లి నవ్వు వినవడ్డది.
ఆ నవ్వు విని ఎన్ని నెలలైందో
ఏ రిజిస్టర్ల లేదు.

గురువారం చెప్పులేసుకొని
గల్లీ చివరిదాక పోయి నిలబడ్డ.
ఏం కొనాలె? ఎవరింటికి పోవాలె?
పోతే అయ్యో అంటరు, చాయ్ పోస్తరు, మళ్ల అయ్యో అంటరు.
చేతిల బకెట్ లేకపోతే
నడక ఒకపక్కకు ఒరుగుతున్నది.
ఫలక్‌నుమా కాడ సికింద్రాబాద్ బస్సు ఆగితే ఎక్కిన.
ఆధార్ చూపెట్టిన. కండక్టరమ్మ జీరో టికెట్ కొట్టింది.
"ఏడికి?"
"కోఠి" అన్న, నోటికొచ్చింది.

శాలిబండ దాక యాదున్నది.
గడియారం కనవడ్డది, టైమెంతో చూడలె.
ఆడికెళ్లి కిటికీ రేకే దిండు.
బ్రేకు కొట్టినప్పుడల్లా
బస్సే నన్ను ఒత్తిగిలిపెట్టింది.

"అమ్మా, లాస్టు స్టాపు."
సికింద్రాబాద్.
కోఠి ఎప్పుడు పోయిందో.
"లేపుదామనుకున్న... నోరు తెరిచి పండుకున్నవ్"
అన్నది కండక్టరమ్మ, తానేదో తప్పు చేసినట్టు.

వాపసు బస్సుల సీటు దొరికినా కూసోలె,
నిలబడితే బస్సు జల్ది పోతదన్నట్టు.
ఎరుపు, నలుపు, గుంట.
ఎరుపు, నలుపు, గుంట.
అఫ్జల్‌గంజ్ ట్రాఫిక్‌ల పెయ్యంత చెమట.

ఉరికొచ్చి తలుపు తీస్తే
ఆయన ఎడమ పక్కకు తిరిగి ఉన్నడు.
వీపెనక రెండు దిండ్లు,
మోకాళ్ల నడుమ సాదిఖ్ మడిచిపెట్టిన పాత ట్యూబు.
ముందల పళ్లెంల లక్క గాజులు.
వేళ్లకు జిగురు, బొటనేలి గోరు మీద
ఒక పచ్చ రాయి అంటుకొని తళుక్కుమంటున్నది.
"డజనున్నర చేసిండు" అన్నది ఆపా.
"రంగు బాగ తెలుసు ఈయనకు. నా కండ్లకిప్పుడు
నీలం, పచ్చ ఒక్కతీర్గనే ఉన్నయి."
డబ్బా సర్దుకొని పోయింది.
లేటైందని ఒక్క మాట అనలె.

నా చెంప మీద కిటికీ రేకు గీత.
ఆయన శానసేపు దాన్నే చూసిండు.
"ఏడికి పోయొచ్చినవ్?"
"ఫలక్‌నుమాకు."
"పక్కనే గదనే!"
"ఆఁ. చుట్టు తిరిగి పోయిన."